కామందు కాయితాల్లో పాలేరు ఎక్కడ?

చరిత్రకు ఆధారం కావాలంటారు. నిజమే, కావాలి. అయితే ఆ ఆధారం ఎవడి భోషాణంలో ఉంది, ఎవడి చేత్తో రాసింది, ఎవడి అవసరం కోసం ఇన్నాళ్లు దాచింది అని అడిగేసరికి మన చరిత్ర శాఖలకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. గోదావరి డెల్టా మీద పరిశోధన తక్కువేం జరగలేదు. ఆనకట్ట మీద, కాలవల మీద, ధాన్యం ఎగుమతి మీద, జమీందారీల మీద, సంఘసంస్కరణ మీద పుస్తకాలున్నాయి, సిద్ధాంత వ్యాసాలున్నాయి. వాటిల్లో శిస్తు లెక్క ఉంటుంది, దిగుబడి లెక్క ఉంటుంది, వారసత్వ దావాల లెక్క ఉంటుంది. పాలేరు మాత్రం ఒక పేరాలో వచ్చి పోతాడు. అదేమిటంటే "సోర్సు లేదండి" అంటారు. ఆ లేకపోవడాన్నే సోర్సుగా చదవకూడదా అన్నది ఈ వ్యాసంలో వేస్తున్న ప్రశ్న.

పోలిక కోసం ముందు చాలా దూరంలో ఉన్న ఒక కాయితాల కట్ట విప్పుదాం. అమెరికా దక్షిణాదిన సౌత్ కరోలినా రాష్ట్రంలో జేమ్స్ హెన్రీ హామండ్ అని ఒక ప్లీడరు ఉండేవాడు. 1807లో పుట్టాడు, 1864లో చచ్చిపోయాడు. 1828లో వకీలు పట్టా పుచ్చుకున్నాడు. 1831లో డబ్బున్న ఇంటి పిల్లని చేసుకున్నాడు. ఆ పెళ్లితో సవన్నా నది ఒడ్డున సిల్వర్ బ్లఫ్ అనే పత్తి తోట, దానితోపాటు 147 మంది బానిసలు ఇతని చేతికొచ్చారు. తర్వాత గవర్నరయ్యాడు, సెనేటరయ్యాడు. ఇతనికి రాసే జబ్బుంది. తోట లెక్కలు, పుట్టినవాళ్ల పేర్లు, చచ్చినవాళ్ల పేర్లు, పనివాళ్లని ఎలా అదుపులో పెట్టాలన్న నియమాలు, ఉత్తరాలు, రహస్యంగా రాసుకున్న డైరీలు అన్నీ దాచాడు. అవి ఇవాళ అమెరికా గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. డ్రూ ఫాస్ట్ అనే చరిత్రకారిణి 1982లో వీటి ఆధారంగా ఇతని జీవితం రాసింది. రహస్య డైరీలు 1988లో అచ్చయ్యాయి.

1858 మార్చిలో ఇతను సెనేటులో చేసిన ఉపన్యాసం ప్రసిద్ధం. పత్తే రాజు, పత్తి మీద యుద్ధం చేసే మొనగాడు లోకంలో లేడు అన్నది అందులో అందరూ ఎత్తి చూపే మాట. మనం ఆగవలసింది ఇంకో మాట దగ్గర. ఇల్లు కట్టేటప్పుడు అన్నిటికన్నా అడుగున, మట్టికి ఆనించి ఒక దుంగ వేస్తారు. దాన్ని మడ్‌సిల్ అంటారు. ప్రతి సమాజానికీ అలాంటి అడుగు దుంగ ఒకటి కావాలి, నీచమైన పనులు చేసే వర్గం ఒకటి ఉండాలి, అది ఉంటేనే పైన నాగరికత నిలబడుతుంది అని వాదించాడు. ఇది మనకు కొత్తా? తల నుంచి ఒకడు, పాదాల నుంచి ఒకడు పుట్టాడని మనవాళ్లు ఏనాడో చెప్పి పెట్టారు. ఆ పాదాలకు కూడా బయట, ఊరవతల మనల్ని పెట్టారు. హామండ్ రంగు చూసి చెప్పిన దాన్ని మనువు పుట్టుక చూసి చెప్పాడు, అంతే తేడా. ఇసబెల్ విల్కర్సన్ 2020లో కులం గురించి రాసిన పుస్తకంలో ఈ మడ్‌సిల్ మాటను మళ్లీ పైకి తెచ్చింది.

ఇతని కాయితాల్లో ఇంకో ఉత్తరం ఉంది. 1856లో పెద్ద కొడుక్కి రాసింది. శాలీ జాన్సన్ అనే బానిస స్త్రీతో, ఆమె కూతురు లూయీసాతో తను పిల్లల్ని కన్నానని అందులో ఒప్పుకున్నాడు. వాళ్లని బయటివాళ్లకి అమ్మొద్దనీ, తన రక్తం తన కుటుంబం కిందే బానిసత్వం చెయ్యాలనీ కొడుక్కి అప్పగింత పెట్టాడు. చదివితే ఒళ్లు మండుతుంది. కానీ పరిశోధకులుగా ఒకటి గమనించాలి. శాలీ పేరు మనకు తెలిసింది. లూయీసా పేరు తెలిసింది. వాళ్ల జీవితాన్ని నాశనం చేసినవాడి చేతిరాతలోనే ఐనా, పేరు తెలిసింది.

ఎందుకు రాశాడు? మంచితనంతో కాదు. బానిస ఆస్తి. ఆస్తిని తాకట్టు పెట్టాలన్నా, అమ్మాలన్నా, పన్ను కట్టాలన్నా, వీలునామా రాయాలన్నా పేరు, వయసు, ధర ఉండాలి. తోట యజమాని ప్లీడరు కూడా అయితే ఇక చెప్పేదేముంది, ప్రతి మనిషికీ ఒక కాయితం ఉంటుంది. అలాంటి కట్టలు దక్షిణాది అంతటా వేల సంఖ్యలో పోగయ్యాయి.

ఆ కట్టలు చదవడంలోనూ పెద్ద రాజకీయమే నడిచింది. యు.బి. ఫిలిప్స్ అనే చరిత్రకారుడు 1918లో నీగ్రో బానిసత్వం మీద పెద్ద గ్రంథం రాశాడు. తోట యజమానుల కాయితాలు శ్రద్ధగా చదివి రాశాడు. చదివితే తోట ఒక బడిలాగా, యజమాని ఒక తండ్రిలాగా కనిపిస్తాడు. యజమాని డైరీలో యజమాని ఇంకెలా కనిపిస్తాడు? డుబోయిస్ 1935లో ఈ ధోరణి మొత్తాన్ని ఉతికి ఆరేశాడు. హాఫ్‌స్టాడ్టర్ 1944లో ఫిలిప్స్ ఆధారాల మీదే దెబ్బ కొట్టాడు. పెద్ద తోటల కాయితాలే మిగిలాయి కాబట్టి పెద్ద తోటలనే చూసి బానిసత్వం అంతా ఇంతే అన్నావు గదా అని నిలదీశాడు. ఈలోగా 1936 నుంచి 1938 దాకా అమెరికా ప్రభుత్వం బతికున్న మాజీ బానిసల్ని వెతికి 2,300 మందికి పైగా మనుషుల మాటలు రాయించింది. అడిగినవాళ్లలో తెల్లవాళ్లు ఎక్కువ కాబట్టి ముసలివాళ్లు జాగ్రత్తగా మాట్లాడారన్న విమర్శ ఉంది, సరైనదే. అయినా యజమాని కాయితం పక్కన పెట్టి చదవడానికి ఇంకో కాయితం దొరికింది.

ఇక మన రాజమండ్రికి రండి.

గోదావరి జిల్లా జడ్జి కోర్టు రాజమండ్రిలో ఉండేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూమి రేటు పెరిగింది. భూమి రేటు పెరిగితే తగాదా పెరుగుతుంది, తగాదా పెరిగితే వకీలు పెరుగుతాడు. వకీలు ఫీజు మళ్లీ భూమిలోకే పోతుంది. అలా పట్నంలో వకాల్తా, పల్లెలో కమతం ఉన్న ఒక వర్గం ఇక్కడ తయారైంది. మన ఆధునికత, మన సంస్కరణ, మన పత్రికలు, మన స్వాతంత్ర్యోద్యమం చాలావరకు ఈ వర్గం ఇళ్ల అరుగుల మీద నుంచి దిగినవే.

వీళ్ల కాయితాలు తక్కువేం కావు. పిఠాపురం దావానే చూడండి. దత్తపుత్రుడికీ, దత్తత అయ్యాక పుట్టిన కొడుక్కీ మధ్య జమీందారీ ఎవరిదన్న తగాదా. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ప్రతివాది. రాజమండ్రి గడప దాటి, మద్రాసు హైకోర్టు దాటి, లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1899లో తేలింది. విభజన కాని జమీని వీలునామాతో ఇవ్వొచ్చా అన్నది ప్రశ్న. ఇవ్వొచ్చన్నారు. 1918లో ఇదే సంస్థానం మీద మనోవర్తి గురించి రెండో పిఠాపురం తీర్పు వచ్చింది. హిందూ లా పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు తీర్పులూ ఇవాళ్టికీ చదువుతారు. తీర్పుల నిండా వంశవృక్షాలు, మితాక్షర, సదాచారం, సనదు. ఆ జమీలో దమ్ము చేసినవాడు, నాటేసినది, కోత కోసినది, నీరు కట్టినవాడు ఏ పేజీలోనూ లేరు. ఉండాల్సిన అవసరం చట్టానికి లేదు. పైరు తనంతట తనే పండినట్టుంటుంది.

ఆ దావాలో గెలిచిన కుర్రవాడే తర్వాత సూర్యారావు మహారాజా అయ్యాడు. రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో కాకినాడలో అనాథాశ్రమానికి, మన పిల్లల హాస్టలుకి డబ్బిచ్చాడు. మంచి పనే, కాదనడం కృతఘ్నత. కానీ ఆ హాస్టలు కథ ఎక్కడ చెప్పినా దానం చేసినవాడి జీవితచరిత్రలో ఒక ఘట్టంగానే వస్తుంది, అందులో చదువుకున్నవాడి చరిత్రగా రాదు.

ఇప్పుడు అసలు విషయం. హామండ్ కట్టలో శాలీ ఉంది. గోదావరి కామందు కట్టలో మన ముత్తవ్వ ఎందుకు లేదు? ఇక్కడ అణచివేత తక్కువ కాబట్టి అని కొందరి జవాబు. ఈ జవాబుకి ఒక ప్రభుత్వ ఆధారం కూడా ఉంది. 1818-19 ప్రాంతంలో మద్రాసు రెవెన్యూ బోర్డు వ్యవసాయ బానిసత్వం గురించి కలెక్టర్లని అడిగింది. మలబారులో, కెనరాలో, తమిళ జిల్లాల్లో ఉందన్నారు. తెలుగు జిల్లాల్లో కూలివాడు స్వతంత్రుడన్నారు. అంటే అమ్మకం కాయితం, తాకట్టు కాయితం కనిపించలేదన్నమాట. దొర కాయితం కోసం వెతికాడు, కాయితం లేదు, కాబట్టి బానిస లేడు. ఈ తర్కం ఎంత బావుందో చూడండి!

కాయితం ఎందుకు లేదో ఆలోచిద్దాం. దక్షిణ కరోలినాలో పారిపోయిన బానిస ఇంకో రాష్ట్రానికి పోతే, అతను తనవాడే అని రుజువు చెయ్యడానికి యజమానికి కాయితం కావాలి. మాలపల్లెలో పుట్టినవాడు ఎక్కడికి పోతాడు? పక్క ఊరికి పోతే అక్కడా మాలపల్లే. ఏ ఊరు వెళ్లినా మొదట అడిగేది కులం. కులం చెప్పాక పని, కూలి, గుడిసె, నుయ్యి, చావు అన్నీ తేలిపోతాయి. పట్టా రాసుకోకుండానే చెల్లే హక్కు ఇది. రిజిస్ట్రారు ఆఫీసు అక్కర్లేని దస్తావేజు కులం. హామండ్ వకీలు బుర్రంతా వాడి కాయితం మీద రాసుకున్నదాన్ని మన కామందు పుట్టుకతో పొందాడు. అందుకే ఈ భోషాణంలో ఖాళీ ఉంది. ఆ ఖాళీని అణచివేత లేదనడానికి సాక్ష్యంగా చదవడం తప్పు. అణచివేతకి రాతకోతల అవసరం కూడా లేనంత బలం ఉందనడానికి సాక్ష్యంగా చదవాలి.

ధర్మా కుమార్ 1965లో దక్షిణ భారతంలో భూమి, కులం మీద రాసిన పుస్తకం ఇక్కడ మనకు అక్కరకొస్తుంది. వ్యవసాయ కూలీ వర్గం బ్రిటిష్ పాలనలో కొత్తగా పుట్టిందన్న జాతీయవాద వాదాన్ని ఆమె ఒప్పుకోలేదు. తెల్లవాడు రాకముందే కులం ఆ వర్గాన్ని తయారు చేసి పెట్టిందని చూపించింది. ఈ మాట మన విప్లవ మేధావులకు రుచించలేదు. తెల్లవాడి మీద నేరమంతా పెట్టేస్తే ఊళ్లో కామందుతో పేచీ ఉండదు గదా.

అలాగని తెల్లవాడిని వదిలేస్తామా? నరసాపురం పక్కన మాధవాయపాలెం, యానాం పక్కన ఇంజరం కంపెనీ గుడ్డ కొన్న ఊళ్లు. మాధవాయపాలెం పేరే 'మడపొల్లం'గా ఇంగ్లీషు బజారులో ఒక రకం గుడ్డకి పేరైంది. సన్న గుడ్డ నేసినవాళ్లు దేవాంగులు, పద్మశాలీలు. ఊళ్లో పనివాడు కట్టుకునే ముతక గుడ్డ నేసినవాళ్లలో మాలలు ఎక్కువ. థర్‌స్టన్ 1909లో అచ్చేసిన సంపుటాల్లోనూ మాలల నేత ప్రస్తావన ఉంది. లాంకషైర్ మిల్లు గుడ్డ ఈ మగ్గాల్ని కూల్చింది. ఆ మిల్లుకి పత్తి ఎక్కడిది? 1861కి ముందు ఇంగ్లండు కొన్న పత్తిలో ముప్పావు భాగానికి పైగా అమెరికా దక్షిణాదిది. హామండ్ తోటలో శాలీ తోటివాళ్లు ఏరిన పత్తి మాంచెస్టరులో గుడ్డై కాకినాడ రేవులో దిగి మాలపల్లె మగ్గాన్ని మూలపడేసిందని చెప్పడం ఊహ కాదు, వ్యాపారం నడిచిన దారి అదే. మగ్గం పోయినవాడు కాలవ కింద పాలేరయ్యాడు. మన డెల్టాలో కాటన్ అంటే పత్తి గుర్తురాదు, గుర్రమెక్కిన దొర విగ్రహం గుర్తొస్తుంది. కోనసీమ బ్రాహ్మలు సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవాళ్లని ఒక కథ కూడా ఉంది. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ సంకల్పంలోనూ లేవు.

కామందు కట్టల్లో మనం పూర్తిగా లేమా అంటే, ఒక చోట ఉన్నాం. అప్పు కాయితంలో. చట్టం సంగతి ముందు చూద్దాం. 1843లో అయిదో నంబరు చట్టం వచ్చింది. మనిషి మీద ఆస్తి హక్కుని కోర్టులు గుర్తించవని అంది. బానిసని ఉంచుకోవడం నేరమని మాత్రం అనలేదు. అది నేరమవడానికి 1862లో పీనల్ కోడ్ అమలు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలోనే 1859లో పదమూడో చట్టం వచ్చింది. బయానా పుచ్చుకుని పని ఎగ్గొట్టిన పనివాణ్ణి మేజిస్ట్రేటు ముందుకు ఈడ్చొచ్చు. పని చెయ్యి లేదా డబ్బు కట్టు, రెండూ లేకపోతే మూడు నెలల కఠిన శిక్ష. ఈ చట్టం 1925 దాకా రద్దు కాలేదు. మనిషిని కొనడం తప్పయింది, మనిషికి అప్పు పెట్టడం ఒప్పయింది. అమెరికాలోనూ ఇదే ఆట. 1865లో బానిసత్వం పోయింది, వెంటనే కూలి ఒప్పందాలు, పాలికాపులు, పంట మీద అప్పులు వచ్చాయి. రెండు చోట్లా కొత్త సంకెలని తయారు చేసినవాడు వకీలే.

పాలేరు నోటు సంగతి డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెళ్లికో, చావుకో, జబ్బుకో కామందు దగ్గర కొంత పుచ్చుకుంటాడు. నోటు మీద నిశానీ పెడతాడు, తర్వాతి కాలంలో వేలిముద్ర. జీతం అప్పులోకి జమ. మూడేళ్లకి నోటుకి కాలదోషం పడుతుంది కాబట్టి అసలూ వడ్డీ కలిపి తిరగరాయిస్తారు. తండ్రి పోతే కొడుకు నిశానీ. ఈ నోట్లు కట్టల్లో దొరికినప్పుడు పరిశోధకుడు వాటిని ఎలా చదువుతాడు? ఫలానా వెంకడు ఇంత బాకీ అని చదువుతాడు. అప్పుల పట్టిక వేస్తాడు. పాలేర్లు తరతరాలుగా అప్పుల్లో కూరుకుపోయారనీ, పొదుపు తెలియదనీ, పెళ్లిళ్లకి తగలేశారనీ సిద్ధాంతం చేస్తాడు.

ఇక్కడ రెండు సంగతులు మర్చిపోతున్నాడు. ఒకటి, నోటులో ఉన్న అంకె కామందు చెప్పుకున్న అంకె. నిశానీ పెట్టినవాడికి చదువు రాదు. అది బాకీ కాదు, బాకీ ఉందన్న దావా. ఆ తేడా వకీలుకి బాగా తెలుసు, చరిత్రకారుడికే తెలియడం లేదు. రెండోది ఇంకా ముఖ్యం. అప్పు తీరితే నోటు వెనక చెల్లు రాసి తీర్చినవాడికి ఇచ్చేస్తారు. వాడు చింపేస్తాడు, లేదా ఆ కాయితం తాటాకు గుడిసెలో వానకి తడిసి, నిప్పుకి కాలి పోతుంది. కామందు పెట్టెలో మిగిలేవి తీరని నోట్లే. కాబట్టి పెట్టెలోంచి చరిత్ర రాస్తే ప్రతి పాలేరూ అప్పు ఎగ్గొట్టినవాడే అవుతాడు. తీర్చినవాడి రుజువు వాడి గుడిసెతోపాటే పోయింది. హాఫ్‌స్టాడ్టర్ ఫిలిప్స్‌ని అడిగిన ప్రశ్న ఇదే. ఏ కాయితం మిగిలింది అని కాదు, ఏ కాయితం మిగలడానికి వీలుంది అని అడగాలి. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం ఇలాంటి అప్పులన్నీ రద్దంటే రద్దంది. పార్లమెంటు బాకీ కాదన్నదాన్ని మన సిద్ధాంత వ్యాసాలు ఇంకా బాకీగానే పట్టిక వేస్తున్నాయి!

వకీళ్ల లోకం గురించి మన సాహిత్యంలో విమర్శ లేదనలేం. వీరేశలింగం 1880లో 'వ్యవహార ధర్మబోధిని' రాశాడు. జనం దాన్ని ప్లీడర్ నాటకం అనేవారు. రాజమండ్రి కోర్టు చుట్టూ ఉన్న దొంగ సాక్ష్యాలు, లంచాలు, కక్షిదారుని పీల్చడం అన్నిటినీ వెక్కిరించాడు. ధైర్యమైన పని, ఆ ఊళ్లో ఉంటూ ఆ ఊరి పెద్దల మీద రాయడం. కానీ ఆ ప్రహసనంలో బాధ ఎవరిది? కోర్టుకి ఎక్కగలిగినవాడిది. దావా వేసుకోవడానికి ఒక సెంటు కూడా లేనివాడు ఆ వెక్కిరింతలోకి కూడా రాడు. టంగుటూరి ప్రకాశం ఆత్మకథలో రాజమండ్రి ప్లీడరీ రోజులు ఉన్నాయి. ఎత్తులు, పైఎత్తులు, మునిసిపాలిటీ తగాదాలు, ఫీజులు. చదవడానికి హుషారుగా ఉంటుంది. ఆ ఫీజు ధాన్యం ఎవరు పండిస్తే వచ్చిందో వెనక్కి లాగి చూడడం పాఠకుడి పని. బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ ఒక్కడు 1922లో 'మాలపల్లి' రాసి వేరే దారి తొక్కాడు. అక్కడ సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. మరణం మొదటిసారి పుస్తకంలోకెక్కింది. అయినా అది గుంటూరు వకీలు జైల్లో మన గురించి రాసింది, మనం రాసుకుంది కాదు.

మనం రాసుకుంది కూడా ఈ డెల్టాలోనే పుట్టింది. రాజమండ్రి వాడైన కుసుమ ధర్మన్న 1921లో తెల్లదొరతనం వద్దన్నవాళ్లకి నల్లదొరతనం సంగతేమిటని ఎదురు ప్రశ్న వేశాడు. 'జయభేరి' పత్రిక నడిపాడు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశాడు. పాలేరు కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఈ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్లు ఎందరో ఉన్నారని పెద్దవాళ్లు చెబుతారు, నమ్మొచ్చు.

దీన్ని వట్టి ఆశావాద నాటకంగా కొట్టిపారేసే విమర్శకులున్నారు. భూమి సమస్య ఎత్తలేదు, పోరాటం లేదు, ఉద్యోగంతో తీర్చేశాడు అంటారు. కాయితాల వైపు నుంచి చూస్తే భీమన్న చేసింది వేరే కనిపిస్తుంది. కామందు చిట్టాలో ఒక గీతగా, ఒక నిశానీగా ఉన్నవాణ్ణి తీసుకెళ్లి సంతకం పెట్టే కుర్చీలో కూర్చోబెట్టాడు. డిప్యూటీ కలెక్టరనే ఉద్యోగాన్నే ఎంచుకోవడం చూడండి. అడంగల్, శిస్తు, పట్టా, పేచీ అన్నీ అతని బల్ల మీదకి రావాలి. ఊళ్లో అధికారం అంటే కాయితమేనని పాలేరుగా బతికినవాడికి తెలిసినంతగా మార్క్సిస్టు విమర్శకుడికి తెలియలేదు. అలాగని లోపం లేదనను. కలెక్టరు కుర్చీలో కూర్చున్నవాడు పాత చిట్టాని చింపాడా, లేక దాని మీదే కొత్త సంతకం చేశాడా అన్న ప్రశ్న నాటకం వెయ్యదు. మన ఉద్యోగుల తరం మొత్తం ఆ ప్రశ్న ముందే నిలబడి ఉంది.

కామందు పెట్టెకి బయట మన పేర్లు దొరికే చోటు ఒకటుంది. మిషన్ల బాప్తిస్మం రిజిస్టర్లు. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ పాలకొల్లు, నరసాపురం వైపు పనిచేశారు. ఆనకట్ట కూలీల మధ్య కూడా ఈ మిషన్ తిరిగింది. రాజమండ్రిలో 1845లో జర్మన్ లూథరన్లు మొదలుపెట్టిన మిషన్ 1851లో అమెరికన్ లూథరన్ల చేతికొచ్చింది. అక్కడ బానిసత్వం మీద అంతర్యుద్ధం జరిగి చర్చిలే రెండుగా చీలాయి, ఆ చీలిక దెబ్బ ఇక్కడి మిషన్‌కీ తగిలింది. 1869లో దీన్ని వేరేవాళ్లకి అప్పగించే దాకా వెళ్తే డెబ్బై ఐదు దాటిన హయ్యర్ మళ్లీ ఓడెక్కి వచ్చాడు. ఇలాంటి రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాస్తారు. మాలవాడికి తండ్రి పేరు రాసిన మొదటి కాయితం చాలా ఊళ్లలో అదే అయ్యుంటుంది. దీన్నీ కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు. పేరు మార్చి రాసేవాళ్లు, విదేశంలో చందా ఇచ్చేవాళ్లకి లెక్క చూపించాలన్న అవసరం ఉండేది, రాయించుకున్నవాడి కోపం అందులో ఉండదు. ఐనా హామండ్ రాసిన పుట్టుకల పట్టికకీ దీనికీ తేడా ఉంది. అక్కడ పేరు రాసింది అమ్మడానికి.

ఫూలే 1873లో 'గులాంగిరి'ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. వాళ్లు ఈ పోలికని సానుభూతి కోసం తేలేదు, పని కోసం తెచ్చారు. మనం ఆ పనిలో ఒక ముక్క కూడా పూర్తి చెయ్యలేదు. అమెరికా 1936లో ముసలి బానిసల్ని వెతికినట్టు ఈ డెల్టాలో ముసలి పాలేర్లని వెతికి, వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాసే పని ప్రభుత్వం చెయ్యలేదు, విశ్వవిద్యాలయాలూ చెయ్యలేదు. 1984లో కరణం మునసబులు రద్దయినప్పుడు రికార్డుల అప్పగింత మీద గొడవలయ్యాయి. ఏ కరణం ఇంట్లో ఏమి మిగిలిందో అన్న కుతూహలం అందరికీ ఉంది. మాలపల్లెలో ఎవరికేం గుర్తుందో అన్న కుతూహలం లేదు.

ఇదంతా పాత సంగతేనా? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకి కార్డిస్తాం, అప్పిస్తాం అన్నారు. పదకొండు నెలల ఒప్పందం కాయితం మీద భూమి యజమాని సంతకం ఉండాలన్నారు. డెల్టాలో మక్తాకి చేసే మాల, మాదిగ రైతులకి ఆ సంతకం ఎంత దూరమో అందరికీ తెలుసు. సాగు చేసేవాడు ఉన్నాడు, కాయితంలో లేడు. రేపు ఇంకో వందేళ్లకి ఎవరైనా ఈ కాలం రికార్డు చూసి గోదావరిలో కౌలుదారులు తక్కువ అని రాస్తే ఆశ్చర్యపోవద్దు.

2022లో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నారు. మే 24న అమలాపురం తగలబడింది. దళితుడైన మంత్రి ఇల్లు కాల్చారు. ఒక్క పేరు కోసం ఇంతా అని పట్నాల్లో ఉన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. ఆ పేరు ఎక్కడికెక్కుతుందో కాల్చినవాళ్లకి బాగా తెలుసు. పొలం అమ్మకం దస్తావేజు మీద, పట్టాదారు పుస్తకం మీద, కోర్టు సమను మీద, పెళ్లి శుభలేఖ చిరునామాలో కూడా ఎక్కుతుంది. పేరు నిలబడింది. ఆ జిల్లా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఇప్పుడు ప్రతి దస్తావేజూ ఆ పేరుతోనే నమోదవుతోంది.